ఓనర్ ఇచ్చిన అప్పు ఎప్పుడు అప్పవుతుంది?

2019 ఆగస్టు 27న ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ (ప్రీమియర్ లీగ్ కింద ఉండే మూడు అంచెలను నడిపే సంస్థ) రెండు క్లబ్బుల తలరాత తేల్చింది. రెండూ మాంచెస్టర్ పక్కన, ఒకదానికొకటి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లవే. 1885లో పుట్టిన బరీ క్లబ్బును లీగ్ నుంచి బహిష్కరించింది. బోల్టన్ వాండరర్స్‌కు మాత్రం పద్నాలుగు రోజుల గడువిచ్చింది. మర్నాడే కొత్త ఓనర్లు సంతకాలు పెట్టడంతో బోల్టన్ బతికి బయటపడింది.

అప్పుల లెక్క ఒక్కటే చూస్తే ఇది తలకిందులుగా కనిపిస్తుంది. 2015 నాటికి బోల్టన్ అప్పు 17 కోట్ల పౌండ్లు దాటింది. బరీని ముంచిన అప్పులు దాని ముందు చిల్లర లెక్క. పెద్ద అప్పున్న క్లబ్బు మిగిలింది, చిన్న అప్పున్నది పోయింది. కింది లీగుల్లో క్లబ్బుల అప్పుల గురించి వార్త వచ్చినప్పుడల్లా హెడ్డింగులో ఒకే ఒక అంకె పెడతారు. ఆ అంకె చెప్పేది చాలా తక్కువ.

బోల్టన్ అప్పు దాదాపు అంతా ఒక్క మనిషిదే. ఆయన ఎడ్డీ డేవిస్. నీళ్లు మరగ్గానే ఎలక్ట్రిక్ కెటిల్‌ను ఆపేసే స్విచ్‌ల వ్యాపారంలో సంపాదించాడు, చిన్నప్పటి నుంచి అభిమానించిన క్లబ్బులో దాన్ని కుమ్మరించాడు. కాగితం మీద మాత్రం అది అప్పే. ఇలాంటి డబ్బు మామగారు అల్లుడి షాపులో పెట్టిన డబ్బు లాంటిది. ఇంట్లో అందరూ బాగున్నంత కాలం అది అప్పా, కానుకా అని ఎవరూ అడగరు. 2016లో క్లబ్బును అమ్మేటప్పుడు డేవిస్ అందులో సింహభాగం మాఫీ చేశాడు. ఇక కష్టాలు తీరినట్టే అనుకోవాలి కదా? తీరలేదు. కొత్తగా వచ్చినవాళ్లు క్లబ్బును కొనడానికే బ్లూమార్బుల్ అనే ఫైనాన్స్ సంస్థ దగ్గర 50 లక్షల పౌండ్లు తెచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ 50 లక్షలే క్లబ్బును దివాలా అంచుకు తోశాయి. 2018 సెప్టెంబర్‌లో తాను చనిపోవడానికి కొద్ది రోజుల ముందు డేవిసే మళ్లీ 50 లక్షలు సర్ది గండం గట్టెక్కించాడు. అయినా మరుసటి మే నెలలో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే దివాలా వ్యవహారాలు చూసే అధికారుల చేతుల్లోకి.

కోట్లకు కోట్లు ఉన్న అప్పును అడిగేవాడు లేడు. 50 లక్షల అప్పును మాత్రం గడువు చూసుకుని మరీ అడిగారు. నా వాదనంతా ఈ తేడా మీదే. ఓనర్ ఇచ్చిన అప్పు ఎంత అన్నది తర్వాతి ప్రశ్న. దాన్ని ఎవరు, ఎప్పుడు, దేన్ని తాకట్టుగా చూపి అడగగలరు అన్నది మొదటి ప్రశ్న.

బరీ కథలో ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. పాత ఓనర్ స్టీవర్ట్ డే హయాంలోనే క్లబ్బు సొంత మైదానం గిగ్ లేన్ తాకట్టులోకి పోయింది. మైదానం పక్కన కార్ పార్కింగ్ స్థలాలను కూడా, ఏటా ఇంత రాబడి గ్యారంటీ అంటూ, ఒక్కోటి దాదాపు 10 వేల పౌండ్ల లెక్కన మదుపరులకు అమ్మారు. మన దగ్గర ప్రీలాంచ్ ప్లాట్ల బ్రోచర్లు చూసినవాళ్లకు ఆ భాష కొత్తేమీ కాదు. 2018 డిసెంబర్‌లో డే ఈ క్లబ్బును స్టీవ్ డేల్ అనే వ్యాపారికి ఒక్క పౌండుకు అమ్మేశాడు. ఆ సీజన్‌లో జీతాలు సరిగా అందకపోయినా ఆటగాళ్లు జట్టును నాలుగో అంచె అయిన లీగ్ టూ నుంచి పై లీగ్‌కు తీసుకెళ్లారు.

2019 జులైలో క్లబ్బు అప్పులవాళ్లతో రాజీకి వెళ్లింది. బాకీ విలువలో 75 శాతం ఉన్నవాళ్లు ఒప్పుకుంటేనే ఈ రాజీ చెల్లుతుంది. అంటే అక్కడ బాకీయే ఓటు. డే కంపెనీలకు క్లబ్బు ఇవ్వాల్సిన 70 లక్షల పౌండ్లకు పైబడిన బాకీని, కొత్త ఓనర్ కుటుంబానికి దగ్గరివాళ్ల కంపెనీ ఒకటి సుమారు 70 వేలకు కొనేసింది. పౌండుకు ఒక పెన్నీ పెట్టి కొంటే పౌండంత ఓటు వచ్చిందన్నమాట. రాజీ నెగ్గింది. మామూలు అప్పులవాళ్లకు పౌండుకు 25 పెన్నీలు ఇస్తామన్నారు. ఒకప్పుడు ఓనర్ క్లబ్బులో పెట్టిన సొమ్ము, ఓనర్ మారాక అదే క్లబ్బు మెడ మీద వేరొకరు పట్టుకున్న కత్తి అయింది. ఇంత చేసినా రాజీ ప్రకారం కట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో డేల్ లీగ్‌కు చూపించలేకపోయాడు.

ఫుట్‌బాల్‌లో ఇంకో వింత నియమం ఉంది. క్లబ్బు దివాలా తీస్తే ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు ఉన్న బాకీలు పూర్తిగా తీర్చాలి, లేకపోతే లీగ్‌లో చోటు ఉండదు. మిగిలినవాళ్లకు మిగిలిందే. 2010లో పోర్ట్స్‌మత్ కూలినప్పుడు ఆ మిగిలినవాళ్ల జాబితాలో మ్యాచ్‌లకు ప్రథమ చికిత్స అందించే సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది.

ఇక తెలుగువాళ్లకు ఈ వ్యవహారంతో ఉన్న బంధం బ్లాక్‌బర్న్ రోవర్స్. రోజూ పేపర్లో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) గుడ్డు ధర చూస్తుంటాం. ఆ నెక్‌ను నిలబెట్టిన తెలుగువాడు బి.వి.రావు పుణె కేంద్రంగా కట్టిన కోళ్ల సామ్రాజ్యమే వెంకీస్. ఆయన వారసులు 2010 నవంబర్‌లో ఈ క్లబ్బును 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు ఇది. రెండేళ్లు తిరగకుండానే 2012లో కింది లీగ్‌కు జారింది. కోపంతో అభిమానులు మైదానంలోకి నిజం కోడిని వదిలారు. 2017లో మూడో అంచెకు పడిపోయి ఏడాదికి తిరిగొచ్చింది.

ఆ కుటుంబాన్ని తిట్టిపోయడం తేలిక. ఫుట్‌బాల్ నిర్ణయాలు చాలావరకు ఘోరంగానే తీసుకున్నారు. కానీ ఇన్నేళ్లలో క్లబ్బులో పెట్టిన డబ్బు 20 కోట్ల పౌండ్లు దాటిందని అంచనా. అందులో ఎక్కువ భాగం వడ్డీ లేని అప్పు. ఆ అప్పు క్లబ్బును ముంచలేదు. తర్వాతి కాలంలో కొంత వాటాలుగా, అంటే అప్పులా తిరిగి అడగలేని పెట్టుబడిగా కూడా మార్చారు. అసలు చిక్కు వేరే దారిలో వచ్చింది. విదేశాలకు పంపిన డబ్బు మీద ఈడీ దర్యాప్తు మొదలవడంతో, క్లబ్బుకు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. 2023 నుంచి బ్యాంక్ గ్యారంటీ పెట్టాకే పౌండ్లు కదిలాయి. క్లబ్బున్న లాంకషైర్‌లో జీతాల తారీఖుకీ ఢిల్లీలో వాయిదా తారీఖుకీ ముడిపడింది. 2024 ఫిబ్రవరి ఒకటిన, సొంత అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మేశారు. నాలుగైదు నెలలకే ఆ కుర్రాడు ఇంగ్లండ్ జట్టుతో యూరో కప్‌కు వెళ్లాడు. బ్లాక్‌బర్న్ మాత్రం చివరి మ్యాచ్‌లో లెస్టర్‌ను ఓడించి లీగ్‌లో నిలబడింది. ఒక్క ఓనర్ జేబు మీదే నడిచే క్లబ్బుకు అప్పు తీర్చడం కన్నా, వచ్చే నెల అప్పు పుట్టకపోవడమే పెద్ద టెన్షన్.

అసలు ఓనర్ దయ మీద ఎందుకు బతకాలి? రెండో అంచె అయిన చాంపియన్‌షిప్‌లో 2018-19లో క్లబ్బుల మొత్తం ఆదాయంలో 107 శాతం జీతాలకే పోయిందని ఆడిట్ సంస్థ డెలాయిట్ లెక్క కట్టింది. ప్రీమియర్ లీగ్ టీవీ డబ్బు ఒక్క మెట్టు పైన ఊరిస్తూ ఉంటుంది. ఆ మెట్టెక్కడానికి అందరూ ఒకేసారి పరిగెత్తుతారు, లోటును ఓనర్లు అప్పుగా పూడుస్తారు.

ఇంగ్లండ్‌లో 2025 జులైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. పై అయిదు అంచెల క్లబ్బులకు లైసెన్సులు, ఓనర్ల డబ్బు మూలాలపై తనిఖీ, మైదానం అమ్మాలంటే స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి దానిలో ఉన్నాయి. మైదానం సంగతి పట్టించుకోవడం చాలా అవసరం. షెఫీల్డ్ వెన్స్‌డే ఓనర్ డెజ్‌ఫోన్ చాన్సిరి హిల్స్‌బరో స్టేడియాన్ని తన మరో కంపెనీకే 6 కోట్ల పౌండ్లకు అమ్మి, క్లబ్బును అద్దెకున్నవాడిలా చేశాడు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లింది, 12 పాయింట్లు కోత పడ్డాయి. అయినా అభిమానులు ఏడవలేదు. క్లబ్బు ఆ ఓనర్ చేతుల్లోంచి పోయిందని తెలియగానే, అప్పటిదాకా బహిష్కరించిన క్లబ్ షాపు ముందు క్యూ కట్టారు!

మైదానం విలువ హైదరాబాద్‌కు ఇంకో రకంగా తెలిసొచ్చింది. బరీ పోయిన నెలలోనే పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మరో రెండేళ్లకల్లా జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధాలు. తర్వాత ఓనర్ మారాడు, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. తాకట్టు పెట్టడానికి క్లబ్బుకు ఏమీ లేదు, ఊళ్లో ఉండిపోవడానికీ ఏమీ లేదు.

కొత్త చట్టం వచ్చినా ఓనర్ అప్పు అప్పుగానే ఉండిపోయే వీలుంది. మూడేళ్లు దాటిన ఓనర్ అప్పు దానంతటదే వాటాగా మారాలని, ఓనర్ తెచ్చుకున్న ఏ అప్పుకూ మైదానాన్ని తాకట్టు పెట్టకూడదని నియమం పెట్టాలంటాను. అలా చేస్తే ఎవరూ డబ్బు పెట్టరని ఓనర్లు బెదిరిస్తారు. నేను నమ్మను. చాంపియన్‌షిప్ నియమాల ప్రకారం మూడేళ్లలో 1.5 కోట్ల పౌండ్ల నష్టం వరకే మామూలు అనుమతి. పైన పడే నష్టాన్ని ఓనర్ వాటా డబ్బుతో పూడిస్తే 3.9 కోట్ల దాకా వెళ్లొచ్చు. ఆ వెసులుబాటు కోసం ఓనర్లు ఇప్పటికే కిక్కురుమనకుండా అప్పుల్ని వాటాలుగా మారుస్తున్నారు. ఒక లెఫ్ట్ బ్యాక్ ఆటగాడి జీతం కోసం చేయగలిగిన పని క్లబ్బు భద్రత కోసం చేయలేమంటే వినేదెవరు?