పేదవాడికి ఓటు ఇచ్చిన పాస్టర్

1909 డిసెంబర్ 24. జపాన్‌లోని కోబె నగరంలో పాస్టర్ చదువు చదువుతున్న 21 ఏళ్ల కుర్రాడు తన కాస్త సామాను సర్దుకుని షింకావా మురికివాడకు మకాం మార్చాడు. పేరు తొయొహికో కగావా. దొరికిన ఇంట్లో అంతకు ముందు హత్య జరిగింది. దయ్యం తిరుగుతోందని అందులో ఎవరూ దిగడం లేదు. అప్పటికే క్షయతో బాధపడుతున్నా, ఆ ఇరుకు గదిలోనే రోగులకూ నిలువ నీడ లేనివాళ్లకూ చోటిచ్చారు. అక్కడ అంటుకున్న ట్రకోమా అనే కంటిజబ్బు జీవితాంతం ఆయన కళ్లను వదల్లేదు.

పేదల మధ్య పనిచేసిన పాస్టర్ల గురించి మాట్లాడేటప్పుడు మనం ఇక్కడే ఆగి చేతులు జోడిస్తాం. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం.

షింకావాలో కగావాను బాగా కలచివేసినవి పసిపిల్లల చావులు. పెంచలేని బిడ్డను కొంత డబ్బుతో సహా వేరేవాళ్ల చేతిలో పెట్టేవారు. డబ్బు ఖర్చయ్యాక ఆ బిడ్డ ఆకలితో చనిపోయేది. అలాంటి ఒక పసికందును ఆయన తెచ్చుకుని సాకారు. కానీ మురికివాడంతా అలాగే ఉంటే ఎంతమందిని సాకగలరు? కూలి చాలనంత కాలం, ఈరోజు అన్నం పెట్టినవాళ్లే రేపూ వచ్చి నిలబడతారు.

1914లో అమెరికా వెళ్లి, ప్రిన్స్‌టన్‌లో చదివి 1917లో తిరిగొచ్చాక ఆయన కార్మికోద్యమంలోకి దిగారు. 1921లో కోబె ఓడల తయారీ కార్మికులు వేలాదిగా సమ్మె చేస్తే ముందుండి నడిపించి అరెస్టయ్యారు. సమ్మె ఓడిపోయింది. అదే ఏడాది ఆయన చొరవతో కోబెలోనూ, పక్కనున్న నాడాలోనూ వినియోగదారుల సహకార సంఘాలు పుట్టాయి.

సహకార సంఘంలో సభ్యుడు వాటా కడతాడు. వాటా ఎంతున్నా ఓటు ఒక్కటే. బియ్యం ధర ఎందుకు పెరిగిందో, మిగిలిన డబ్బు ఏమైందో లెక్క అడగొచ్చు. దానంగా బియ్యం సంచి అందుకున్న మనిషి ఆ మాట అడగగలడా? నోరు పెగలదు. సాయం చేస్తూ మతం అంటగడుతున్నారన్న అనుమానానికి కూడా నాకు తెలిసిన గట్టి జవాబు ఇదే. ఓటున్న మనిషిని మొహమాటపెట్టడం అంత తేలిక కాదు.

కగావాలో ఒక పెద్ద లోపం ఉంది, దాచకూడదు. పేదల మనస్తత్వంపై 1915లో రాసిన పుస్తకంలో, వివక్షకు గురైన బురాకుమిన్ జనం గురించి చిన్నచూపుతో రాశారు. బురాకుమిన్ హక్కుల సంఘాలు ఆ రాతలను గట్టిగా తప్పుపట్టాయి. ఏళ్ల తరబడి వాళ్ల మధ్యే బతికిన మనిషికే ఆ చూపు పోలేదంటే, నాయకుడి మంచితనం మీద ఆధారపడి సేవా సంస్థను నడపలేమని అర్థం. అందుకే పాస్టర్ నడిపే ఏ సంస్థనైనా నేను ముందు అడిగేది ఎన్ని భోజనాలు పెట్టారని కాదు. మీ కమిటీలో ఆ భోజనం తిన్నవాళ్లు ఎందరున్నారు? లెక్కలు వాళ్ల ముందు చదువుతారా?

కగావా 1960లో కన్నుమూశారు. రెండేళ్లకు కోబె, నాడా సహకార సంఘాలు రెండూ ఒక్కటయ్యాయి. ఇప్పుడు కోఆప్ కోబె పేరుతో నడుస్తున్న ఆ సంఘమే, 1995 జనవరి భూకంపంలో కోబె దెబ్బతిన్నప్పుడు, తనూ నష్టపోయి కూడా జనానికి తిండి, సరుకులు అందించింది.