నల్లగొండ టెక్నిక్ గారికి బహిరంగ లేఖ

తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ను పటికతో తీసే పద్ధతిగా, నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ చేతుల మీదుగా 1970ల్లో పుట్టి, మా జిల్లా పేరు తగిలించుకుని, టాంజానియా, ఇథియోపియా దాకా పోయొచ్చిన నల్లగొండ టెక్నిక్ గారికి దండాలు.

మీ రసాయనాన్ని తప్పుపట్టే లేఖ కాదిది. పటిక నీళ్లలో పడి అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డిగా మారుతుంది, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. కరెంటు అడగరు, ఫిల్టర్ మార్చమనరు. అంతవరకు మీరు గట్టోళ్లే.

మింగుడుపడనిది మీ కొలత. 40 లీటర్ల బకెట్, అడుగుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల పైన నల్లా. సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఆ తర్వాత పటిక నీళ్లు. పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదపొద్దు. సరే. పటిక ఎంత వేయాలి? "నీళ్లను బట్టి" అంటారు మీరు! లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, 300 మిల్లీగ్రాముల క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల గుణం) ఉంటే బకెట్‌కు సుమారు 11 గ్రాములు. ఫ్లోరైడ్ అంతే ఉండి క్షారత 600 అయితే 16. సున్నం పటికలో ఇరవయ్యో వంతు, అంటే అర గ్రాము పైచిలుకు. మా మర్రిగూడలో పొద్దుగాల పొయ్యి ముట్టించే అమ్మ ముందు టైట్రేషన్ (క్షారతను చుక్కలు వేసి కొలిచే ల్యాబ్ పరీక్ష) చేసి, ఆ తర్వాత చాయ పెట్టాలా సారూ?

పటిక తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది. ఎక్కువైతే నీళ్ల పీహెచ్ పడిపోయి, అంటే నీళ్లు ఆమ్లంగా మారి, కరిగిన అల్యూమినియం గ్లాసులోకి వస్తుంది. దానికి హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములే. అన్నిటికంటే మోసం ఏమిటంటే, రెండు గ్లాసులూ ఒకేలా తేటగా కనిపిస్తాయి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. (మరగబెడితే పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.) కొలత తప్పిందని చెప్పేది ఏళ్ల తర్వాత పళ్ల మీది మచ్చ, వంగిన ఎముక.

ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, మీతో మాకేం పని అనుకోకండి. పైపు పగిలిన రోజు జనం మళ్లీ బోరుకే పోతారు. కాబట్టి ఈసారి వచ్చేటప్పుడు ఏ నీళ్లకు ఎంత పటికో రాసిన టేబుల్ కాగితం మోసుకురావొద్దు. ప్రతి బోరు నీళ్లనూ ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి ల్యాబ్‌లో చూపించి, బకెట్‌కు సరిపడా పటిక, సున్నం వేర్వేరు పొట్లాలు కట్టి, పైన బోరు నంబరు రాసి తెండి.

ఇట్లు,
మీ పేరున్న జిల్లా జనం

తా.క.: ఆ మడ్డిని బోరు పక్కన పారబోయించకండి. నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ అంతా దాంట్లోనే ఉంది.