కలకత్తా ఒక్కటే కాదు, కోరంగి కూడా

మారిషస్ వలసలపై మీరు ప్రచురించిన వ్యాసంలో, అక్కడి చెరకు తోటలకు వెళ్లిన కూలీలందరూ బీహారు పల్లెల నుంచి కలకత్తా మీదుగా ఓడ ఎక్కినవారే అన్నట్లు వ్యాసకర్త రాశారు. వారి సంఖ్యే ఎక్కువన్నది నిజమే గాని, గోదావరి తీరాన మా తాళ్లరేవు పక్కనున్న పాత ఓడరేవు కోరంగి పేరు ఒక్కచోటైనా లేకపోవడం నాకు వెలితిగా తోచింది. బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం 1834లో అమలులోకి వచ్చాక, తోటల యజమానులు ఐదేళ్ల ఒప్పందాలతో కూలీలను వెదుక్కుంటూ ఈ తీరానికీ వచ్చారు. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ ఇక్కడి తెలుగువారిని మారిషస్ చేర్చింది. యానాం నుంచి ఫ్రెంచివారు రీయూనియన్ దీవికి కూలీలను పంపడం అంతకంటే ముందే, 1820ల చివర్లోనే మొదలైంది.

ధాన్యాగారమని పేరుపడ్డ గోదావరి సీమను వదిలి ఎందుకు పోయారని ఇప్పటివారు ఆశ్చర్యపోవచ్చు. కాని ఈ సీమకు సాగునీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో గాని పూర్తికాలేదు. అంతకుముందు ఇది 1832–33 నాటి నందన కరువును, 1839లో కోరంగిని ముంచెత్తిన ఉప్పెనను చూసిన నేల. వెళ్లినచోట తోటపనీ తేలిక కాదు; చెరకు నరికిన అనుభవమున్న వారికి ఆ ఆకుల అంచులు ముంజేతులను ఎలా చీరతాయో, చెమట తగిలితే ఆ గీతలు ఎలా మండుతాయో చెప్పనక్కరలేదు. ఇలాంటి కూలి ఒప్పందాలనే ఫిజీలో ‘గిర్మిట్’ అని పలికేవారు; అక్కడ అవి 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఓడలు ఆగిన కోరంగిలో నేడు మడ అడవి, బురద మాత్రమే కనిపిస్తాయి. పర్యాటకుల కోసం వేసిన చెక్క వంతెన మీద ఈ సంగతి తెలిపే పలక ఒకటైనా నా కంటబడలేదు.