మల్లెపూలు తెల్లగానే ఉండాలట

మే నెలలో పెళ్ళయింది. పదకొండో రోజున పెళ్ళిదండ ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చింది, కొత్తిమీర కట్ట పక్కనుంచి నేరుగా నా బల్ల మీదికి. పెళ్ళికూతురి తల్లిగారు ఆ పాలిథిన్ కవర్‌ని రెండు చేతులా అందిస్తూ, "అమ్మా, దీన్ని మైనంలో పెట్టి పెయింటింగ్ చేసివ్వాలి. మల్లెపూలు మాత్రం తెల్లగానే ఉండాలి" అన్నారు.

కవర్ విప్పాను. మల్లెలు అప్పటికే టీ రంగుకి తిరిగాయి. దారానికి బూజు.

నేను చేసేదాన్ని ఎన్‌కాస్టిక్ అంటారు. 8 పాళ్ళ తేనె మైనంలో 1 పాలు డామర్ గుగ్గిలం కలిపి కరిగించి, చెక్క పలక మీద వేడివేడిగా పూయాలి. (డామర్ అనగానే రోడ్డుకి వేసే డాంబరు అనుకుని ముక్కు మూసుకున్నవాళ్ళు ఇప్పటికి ముగ్గురు.) పూసిన ప్రతి పొరనీ మళ్ళీ వేడిచేసి కింది పొరతో కలపాలి. క్రీ.శ. 1-3 శతాబ్దాల్లో ఈజిప్టులోని ఫాయూమ్‌లో ఇలాగే చెక్కల మీద మనుషుల ముఖాలు గీసి వాళ్ళ మమ్మీలకి కట్టారు. సుమారు 900 బొమ్మలు ఇంకా మిగిలున్నాయి, కళ్ళు ఇప్పటికీ తడిగా మెరుస్తూ. ఆ చిత్రకారుల అదృష్టం ఏమిటంటే, డెలివరీ రోజున "ముక్కు కాస్త తగ్గించండి" అనే స్థితిలో కస్టమరు ఉండేవాడు కాదు.

నా కస్టమర్లు బతికే ఉన్నారు. ఆరుగురు, ఒకే కారులో దిగారు.

అప్పటికి పూరేకుల్ని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి మూడు వారాలు ఆరబెట్టాను. ఏ మాత్రం చెమ్మ ఉన్నా మైనం లోపలే కుళ్ళుతాయి. పెద్దాయన వస్తూనే పలకని గోటితో గీకి, "గట్టిదనం లేదు" అని తేల్చేశారు. పిన్నిగారు ఇంట్లోంచి సోఫా కుషన్ మోసుకొచ్చి బొమ్మ పక్కన నిలబెట్టి, గులాబీ రంగు ఇటువైపు జరపమన్నారు. ఈలోగా మేనమామగారు వేడిగాలి ఊదే నా హీట్ గన్ చేతిలోకి తీసుకుని, ఇలాంటివి తను చాలా చూశానంటూ ఫుల్లుగా పెట్టి నొక్కారు. మూడు వారాలు ఇటుకల కింద పడుకున్న రేకులు లేచాయి. కొన్ని ఫ్యాను దాకా వెళ్ళాయి, కొన్ని నీలం మైనం గిన్నెలో మునిగాయి, మిగతావి అందరి నెత్తిమీదా రాలాయి. బామ్మగారు చేతులు జోడించి, "అక్షింతలు పడ్డట్టుంది, శుభం" అన్నారు. అందరూ ఫోటో దిగారు. తీసింది నేనే.

తర్వాత బేరం. "కమిషన్ మీద చేస్తారటగా, ఎంత శాతం?" అన్నది మొదటి ప్రశ్న. (మా భాషలో కమిషన్ అంటే ఆర్డరు మీద బొమ్మ వేయడం.) బొమ్మ రేటు చెప్పాక పెద్దాయన నవ్వి, "మైనమే కదమ్మా! కొవ్వొత్తులు కిలో ఎంత?" అన్నారు. కొవ్వొత్తిలో ఉండేది సాధారణంగా పెట్రోలియంలోంచి తీసే పారఫిన్ అనీ, ఇది తేనెటీగ తన ఒంట్లోంచి తీసే మైనమనీ చెప్పాను. ఈగకి మనమేం ఇవ్వక్కర్లేదు కదా అన్నారు.

నిజమే, ఈగ బిల్లు పంపదు. మరి ఈ దండ కట్టినావిడకి ఎంతిచ్చారని అడిగాను. ఎవరికీ తెలియదు. డెకరేటర్ ప్యాకేజీలో కలిసిపోయిందట! డ్రోన్ కెమెరాకి ఎంతయిందో తెలుసు, ఫాల్స్ సీలింగ్ చదరపు అడుగు ఎంతో తెలుసు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లారేదాకా కూర్చుని మొగ్గ మొగ్గా కట్టిన మనిషి మాత్రం ప్యాకేజీలో పోయింది. ఆవిడ వేళ్ళ పని ఫ్రిజ్‌లో పదకొండు రోజులు మగ్గబెట్టి తెచ్చి, అది వాడిపోకూడదని నాకు షరతు పెడతారా? వాడిపోక ఏం చేస్తుంది? సిగ్గుండాలి. ఇవన్నీ పైకి అనలేదు. అడ్వాన్సు ఇంకా రాలేదు.

జులైలో బొమ్మ ఇచ్చాను. మల్లెలు టీ రంగులోనే ఉన్నాయి. పడమటి గోడకి వద్దు, కింద దీపం వద్దు అని కాగితం మీద రాసిచ్చాను. తల్లిగారు మల్లెల వంక చూసి నిట్టూర్చి, చివరి రెండు వేలు తగ్గించి ఇచ్చారు.

డిసెంబరు చలిలో ఫోను. "అమ్మా, అద్భుతం! మల్లెలు వాటంతటవే తెల్లబడ్డాయి!"

ఫోటో పంపారు. మల్లెలొక్కటే కాదు, గులాబీలూ ఆకులూ అన్నీ తెల్లగానే ఉన్నాయి. కొత్త మైనం చలికి పైన సన్నటి పొగమంచులాంటి పొర కడుతుంది, మెత్తటి గుడ్డతో రుద్దితే పోతుంది.

చెప్పలేదు. ఆ రెండు వేలు అడిగాను.