మన కాలేజీకీ సెమినరీకీ మధ్య గోడ ఎప్పుడు లేచింది?

మా తాతయ్య బాపట్ల వైపు ఒక పల్లెలో లూథరన్ మిషన్ బడి పంతులు. ఆదివారం అదే పాకలో ఆరాధన నడిపేవాడు. ఊళ్లో సగం మంది ఆయన్ని పంతులుగారు అనేవాళ్లు, సగం మంది ఉపదేశిగారు అనేవాళ్లు. తను రెండు ఉద్యోగాలు చేస్తున్నానని ఆయనకెప్పుడూ తోచలేదు. పొద్దున ఓనమాలు దిద్దించిన పిల్లాడికే సాయంత్రం పది ఆజ్ఞలు నేర్పేవాడు. ఆ పిల్లాడి నాన్నకు కూలి లెక్క తేలకపోతే రాత్రి లాంతరు ముందు కూర్చోబెట్టుకుని అదీ చూసిపెట్టేవాడు.

తాతయ్యను ఇప్పుడెందుకు తలుచుకుంటున్నానంటే, మొన్న మన లూథరన్ కాలేజీలు, సెమినరీల (పాస్టర్లను తయారు చేసే వేదాంత బళ్ల) భవిష్యత్తు మీద జరిగిన ఒక సమావేశానికి వెళ్లాను. ఏ సంస్థ, ఎవరు పిలిచారు అన్నది ఇక్కడ అనవసరం. మూడు గంటలు కూర్చున్నాం. అందులో రెండు గంటలకు పైగా, రోడ్డు వైపు స్థలంలో షాపులు కడితే నెలకు ఎంత అద్దె వస్తుందన్న మాటే. వెనక వరసలోంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ లేచి, "మొదటి ఏడాదిలో చేరి మధ్యలో మానేస్తున్న పిల్లలు ఎంతమంది?" అని అడిగారు. ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. మేడమ్ కూర్చున్నారు, మళ్లీ షాపుల మాట మొదలైంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఇవన్నీ ఎందుకు పుట్టాయో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగు పెట్టాడు. వచ్చిన కొద్ది కాలానికే బళ్లు తెరిచాడు. వైద్యం తెలియకుండా ఈ జనం మధ్య పని చేయలేనని అర్థమై, అమెరికాకు తిరిగి వెళ్లినప్పుడు యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో డాక్టరీ చదివి మళ్లీ వచ్చాడు. డెబ్బై ఆరేళ్ల వయసులో మూడోసారి బయల్దేరి రాజమండ్రి చేరాడు. చివరికి ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థుల మధ్య ఉంటూ 1873లో కన్నుమూశాడు. ఆ ఒక్క మనిషిలోనే బడి, ఆసుపత్రి, సెమినరీ మూడూ కలిసి ఉన్నాయి. 1883లో వచ్చిన మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గుంటూరు ఆడవాళ్లకు చేసిన వైద్యమైనా, 1885లో మొదలై తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ అయిన విద్యాలయమైనా ఆ వేరు నుంచి వచ్చిన కొమ్మలే. ఏసీ కాలేజీ అంటే లూథరన్ల పిల్లలదే కాదు, ఊరందరి పిల్లలది. నందమూరి తారక రామారావు గారూ అక్కడ చదువుకున్నవారే.

ఇంకా వెనక్కి వెళ్తే, మన సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1524లోనే జర్మన్ పట్టణాల పెద్దలకు రాశాడు: తుపాకులకు, రోడ్లకు, వంతెనలకు ఏటా ఇంత పోస్తున్నారే, పిల్లలకు చదువు చెప్పే మనుషులను పెట్టుకోవడానికి ఖర్చు చేయలేరా అని. మంచి బోధకులు కావాలి, మంచి పాలకులు కావాలి, ఇద్దరినీ తయారు చేసేది బడే అన్నది ఆయన వాదన. ఆయన చెప్పింది ఒకే బడి గురించి. బోధకులకొకటి, లోకానికొకటి అని విడగొట్టలేదు.

మరి మనం ఎక్కడ విడిపోయాం? ఒకరి తప్పు అని నేను అనను. కాలేజీ యూనివర్సిటీ సిలబస్ వైపు, ప్రభుత్వ ఎయిడ్ వైపు వెళ్లింది. సెమినరీ సేరంపూర్ కాలేజీ ఇచ్చే వేదాంత డిగ్రీల వైపు వెళ్లింది. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో లూథరన్లు, బాప్టిస్టులు, మరికొన్ని సంఘాలవాళ్లు కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ అనే ఉమ్మడి సెమినరీని మొదలుపెట్టడం చాలా పెద్ద మనసుతో చేసిన పని. అది తర్వాత హైదరాబాదు వెళ్లింది. అవన్నీ అవసరమైన అడుగులే. కానీ ఆ దారిలో పంతులూ ఉపదేశీ ఒకరికొకరు తెలియనివాళ్లైపోయారు. ఇవాళ సెమినరీలో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదివే కుర్రాడికి డిగ్రీ కాలేజీ హాస్టల్లో ఏం జరుగుతుందో తెలియదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి సెమినరీలో ఏం చెబుతారో తెలియదు. ప్రణాళికలు కూడా ఎవరివి వాళ్లు వేసుకుంటారు.

సంస్థలను ఎలా నిలబెట్టుకోవాలన్న చిక్కును అమెరికాలో లూథరన్లూ ఎదుర్కొంటూనే ఉన్నారు. 1826 నాటి గెట్టిస్‌బర్గ్ సెమినరీ, 1864 నాటి ఫిలడెల్ఫియా సెమినరీ 2017లో ఒకటయ్యాయి. దక్షిణ కరొలైనాలో ఒక సెమినరీ 2012లో, కాలిఫోర్నియాలో ఒకటి 2014లో లూథరన్ యూనివర్సిటీల్లో కలిసిపోయాయి. పోర్ట్‌లాండ్‌లో 1905లో పుట్టిన కాంకార్డియా యూనివర్సిటీ 2020లో మూతే పడింది. మనకు చదువు చెప్పిన తల్లి సంఘాలే ఇంత కష్టపడుతుంటే, "మన స్థలాలు ఉన్నాయిగా, మనకేం" అనుకోవడం నాకు భయం కలిగిస్తుంది.

మన పరిస్థితి వాళ్లది కాదు, నిజమే. మన దగ్గర చదువు కావాల్సిన పిల్లలు కోకొల్లలు. ఇంట్లో మొట్టమొదటగా డిగ్రీ గడప తొక్కేవాళ్లు, పత్తి చేలల్లో, మిర్చి కల్లాల్లో పని చేసే అమ్మానాన్నల బిడ్డలు. కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేనివాళ్లు. వాళ్లకోసమే కదా ఆ రోజు ఆ తలుపులు తెరిచింది. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే నింపేవాళ్లు లేరు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనకు అప్పగించేయమన్నంత పని చేసినప్పుడు పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ గొడవ తర్వాతైనా మనకు సొంత ఆలోచన ఒకటి ఉండాల్సింది.

నా ఆలోచన చెబుతాను. సెమినరీ విద్యార్థి ఒక ఏడాదైనా కాలేజీ హాస్టల్లో ఉండాలి. ప్రసంగాలు చేయడానికి కాదు, సాయంత్రం ఇంగ్లిష్, లెక్కలు చెప్పడానికి, ఫెయిలైన కుర్రాడి పక్కన కూర్చోవడానికి. అలాగే కాలేజీలో చరిత్ర, తెలుగు, చట్టం తెలిసినవాళ్లు సెమినరీకి వెళ్లి పాఠాలు చెప్పాలి. ఒక ఉదాహరణ ఇస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రాల్లో అలాంటివాళ్లకు బీసీ-సి అనే వర్గం కింద ఉన్న కోటా ఒక్క శాతం. ఇంటర్ పాసైన పిల్లాడు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయి ముందుగా వచ్చేది పాస్టర్ అయ్యగారి దగ్గరికి. ఆ అయ్యగారికి గ్రీకు క్రియలు వచ్చి ఈ సంగతి తెలియకపోతే ఆ పిల్లాడు ఏమైపోవాలి? గ్రీకు వద్దని కాదు, రెండూ కావాలి. మా తాతయ్యకు గ్రీకు రాదు గానీ ఊరి కష్టం ఏమిటో తెలుసు.

తెలుగు మాట కూడా చెప్పాలి. తెలుగు అచ్చులో మొట్టమొదటి పుస్తకాలు అనదగ్గవి 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో షుల్జ్ అనే లూథరన్ బోధకుడు వేయించినవి. అలాంటి వారసత్వం ఉన్నవాళ్లం, పైస్థాయి వేదాంత చదువును ఇంగ్లిష్‌కి వదిలేసి, పల్లె సంఘానికి తర్జుమా చేసుకో పో అని పిల్లల్ని పంపిస్తున్నాం. మంచి వేదాంత పాఠ్యపుస్తకాలు తెలుగులో రాయించడానికి ఎంత అవుతుంది? రెండు షాపుల ఏడాది అద్దె చాలదా?

షాపులు వద్దని నేను మొండికేయడం లేదు. జీతాలివ్వాలి, పైకప్పులు బాగు చేయాలి, డబ్బు కావాలి. ఆస్తుల లెక్క ఏటా అందరికీ కనబడేలా పెడితే పూర్వ విద్యార్థులు గుంటూరు నుంచే కాదు, డల్లాస్ నుంచీ పంపుతారు. నేనూ నా శక్తికొద్దీ ఇస్తాను. కానీ ముందు ఆ మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు రావాలి. ఈ జూన్‌లో చేరిన పిల్లల్లో వచ్చే మార్చికి ఎంతమంది మిగిలారు, పోయినవాళ్లు ఎందుకు పోయారు, వాళ్ల ఇళ్లకు ఎవరైనా వెళ్లి అడిగారా? ఒక్క తెల్లకాగితం చాలు, నోటీసు బోర్డుకు అంటించండి. ఆ కాగితం పట్టుకుని అడుగుదాం, షాపుల అద్దెలో ఆ పిల్లల వాటా ఎంతో. ఆ రోజు నేను ముందు వరసలోనే కూర్చుంటాను.