కాలు సాయం

మా ఎదురింటాయన పదకొండేళ్లుగా నన్ను చూస్తున్నాడు. ఒక్కసారీ పలకరించలేదు. అదే మనిషి ఓ రోజు కోటిపల్లి బస్టాండు దగ్గర నా వెనకనుంచి తరుముకుంటూ వచ్చి, "మేస్టారూ, స్టాండూ!" అని గుండెలు పగిలేలా అరిచాడు. హెల్మెట్లో ఉన్నది నేనని తెలిస్తే అరిచేవాడు కాదేమో.

రోడ్డెక్కితే మనవాళ్ల గుణమే మారిపోతుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని భార్య మూడుసార్లు చెప్పినా వినపడని మగాడికి, నూరు గజాల దూరంలో ఎవరిదో చున్నీ చక్రం వైపు జారుతోందని ఇట్టే తెలిసిపోతుంది. ఇక లైటు సంగతి చెప్పనక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి ఇంజనుతో పాటే హెడ్‌లైటూ వెలగాలని రూలొచ్చింది. దాన్ని ఆపే స్విచ్చే ఉండదు. ఆ సంగతి ఎదురొచ్చే పుణ్యాత్ములకి తెలియదు. పావురాలకి గింజలు వేస్తున్నట్టు అయిదు వేళ్లూ ముడుస్తూ విప్పుతూ సైగలు చేసేవారు. మొదట్లో నేనూ తల ఊపి ఊరుకునేవాణ్ణి. ఒకాయన మాత్రం బండి వెనక్కి తిప్పుకుని వచ్చి మరీ చెప్పాడు. "ఇది ఆగదండీ, ఇంతే" అన్నాను. ఆయన మొహం జాలితో నిండిపోయింది. "అశ్రద్ధ చెయ్యకండి. వైరింగు చూపించుకోండి" అన్నాడు, అదేదో నా కడుపులో ఉన్నట్టు.

ఇంత పీఠిక ఎందుకంటే, పోయిన వానాకాలంలో ఈ జాతి మంచితనం చేతికి, సరిగ్గా చెప్పాలంటే కాలికి, నేను పూర్తిగా చిక్కాను.

సామర్లకోటలో మా పెద్దమావయ్యగారి మనవరాలి ఓణీల ఫంక్షను. ఆడవాళ్లూ పిల్లలూ పొద్దున్నే రైలెక్కేశారు. నాకు సగం పూట ఆఫీసుంది కాబట్టి, తెల్ల చొక్కా వేసుకుని పదకొండున్నరకి రాజమండ్రిలో బండి తీశాను. కాలవ రోడ్డు. ద్వారపూడి దాటేసరికి వాన మొదలైంది. కాస్త ముందుకెళ్తే బస్ షెల్టరు కనపడింది. అందులో బస్సు కోసం చూసేవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ బండ్ల వాళ్లే. ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు వానలో.

ఒకే చూరు కింద నిలబడితే ఎవరైనా చుట్టాలైపోతారు. ఒకాయన జీళ్ల పొట్లం విప్పి అందరికీ తలొకటి పెట్టాడు. ఒక జంట ఉంది, వాళ్ల మూడేళ్ల పిల్లాడు వాన ఆగేదాకా ఏడుస్తానని ఒట్టు పెట్టుకున్నట్టున్నాడు. నాలో ఏ దేవుడు పూనాడో, "రా నాన్నా, బండి నడుపుదువుగానీ" అని వాణ్ణెత్తి నా బండి మీద కూర్చోబెట్టాను. వాడు టక్కున ఏడుపు ఆపేశాడు. హారను కొట్టాడు, ఇండికేటరు వేశాడు, నోటితో డుర్రుమన్నాడు, చేతికందినవన్నీ నొక్కాడు. తల్లి నన్ను చూసి నవ్వింది. తండ్రి చేతులు జోడించాడు. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

వాన వెలిసింది. వాళ్లే ముందు వెళ్లారు, పిల్లాడి చేత టాటా చెప్పించి మరీ. నేను తాళం తిప్పి సెల్ఫ్ నొక్కాను.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మీటర్లో లైట్లున్నాయి, హారను మోగుతోంది, ఇంజను మాత్రం నాకూ దీనికీ ఏం సంబంధం అన్నట్టుంది. కిక్కు కొట్టాను. రెండోది, మూడోది. నాలుగో కిక్కుకి అటూ ఇటూ చూస్తే, వెళ్లిపోవలసిన బండ్లన్నీ ఆగి ఉన్నాయి. అందరూ దిగేశారు.

"ఏవైందండీ?"

"పెట్రోలుందాండీ?"

ఉంది, పొద్దున్నే మూడొందలకి కొట్టించానన్నాను. మీటరు చూపించాను. "మీటర్లు నమ్మకూడదండీ" అని పెద్దాయనొకడు మూత తీసి, ఒంటికన్నుతో నూతిలోకి చూసినట్టు చూసి, బండిని పట్టుకుని ఊపి, చెవి పెట్టి విన్నాడు. గలగలమంది. అయినా తృప్తి లేదు. ట్యాంకు కింద చెయ్యిపెట్టి తడిమాడు.

"రిజర్వు ఏదండీ?"

"దీనికుండదండీ. 2020లో బీఎస్ సిక్స్ అని కొత్త పొగ రూలు వచ్చాక ఈ బండ్లకి కార్బొరేటరూ లేదు, ఆ తిప్పుడూ లేదు."

"ఆయ్! రిజర్వు లేదా?" అని ఆయన చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. ఆ చూపులో, దాన్ని నేనే అమ్ముకుని తిన్నానన్న అనుమానం స్పష్టంగా కనపడింది.

ఈలోగా పాత టూ స్ట్రోక్ ఎక్సెల్ ఆయన, వెనక రెండు పాల క్యాన్లతో, తన పెట్రోలు పైపు పీకి నీళ్ల సీసాలోకి పడుతున్నాడు. వద్దండీ, ఉందండీ అంటున్నా వినడే! పావు సీసా నిండాక ఆయనకే ఏదో గుర్తొచ్చి ఆగాడు. "మాదాంట్లో ఆయిలు కలిసుంటుందండీ. తమరి బండికి అరగదేమో" అని మళ్లీ జాగ్రత్తగా తన ట్యాంకులో పోసుకున్నాడు.

ఇంజనీరింగు చదివే కుర్రాడిలా ఉన్నాడు, భుజాన బ్యాగు. "అంకుల్, స్టాండు వేసుంటే కూడా కొత్త బండ్లు స్టార్టవ్వవండీ" అన్నాడు. అందరూ వంగి స్టాండు చూశారు. తీసే ఉంది. "అయితే అంకుల్, ఒకసారి ఆ..." అంటూ వాడు హేండిల్ మీదకి చెయ్యి చాచాడు. "నువ్వుండు బాబూ, పెద్దవాళ్లు చూస్తున్నారు కదా" అని రిజర్వు పెద్దాయన ఆ చేతిని మర్యాదగా పక్కకి తీసిపెట్టాడు. కుర్రాడు ఇంకో నిమిషం నిలబడి, టైమైపోతోందని వెళ్లిపోయాడు. మేమందరం బండి కింద చూస్తున్నాం. బండిలో రోగం ఎప్పుడూ కిందే ఉంటుందని మనకో నమ్మకం.

తర్వాత సెకండ్ గేరు వేసి తోసే కార్యక్రమం. నలుగురు వెనక, నేను పైన. "క్లచ్చొదలండి!" అన్నప్పుడల్లా వదిలాను. ప్రతిసారీ బండి ఒక్క ఎగురు ఎగిరి చతికిలపడింది. వెనక చక్రం చిమ్మిన బురదలో సగం తోసేవాళ్లకి పోగా మిగతాది నా చొక్కాకి దక్కింది. అంతలో మా ఆవిడ ఫోను: "రెండో బంతి లేచిపోతోంది, మీరెక్కడ?" నేను చెప్పబోతుంటే ఎక్సెల్ ఆయనే ఫోన్లోకి వంగి, "కంగారు పడకండమ్మా, మేవున్నాం" అన్నాడు. దాంతో అక్కడ అసలైన కంగారు మొదలైంది.

చివరికి అంతదాకా ఏమీ మాట్లాడకుండా జీళ్లు పంచినాయన ముందుకొచ్చాడు. యాభై దాటి ఉంటాయి, తెల్ల లుంగీ పైకి కట్టి, పాత హీరో హోండా మీద. "ప్లగ్గండీ. వానకి తడిసుంటది. అనపర్తి మొదట్లో మెకానిక్కున్నాడు. ఎక్కండి, నే తోస్తా" అన్నాడు.

ఇది తెలియని తెలుగువాడుండడు గానీ, ఒకవేళ ఉంటే వాడి కోసం చెబుతున్నాను. ఆగిన బండి ఎడమవైపు రోడ్డంచున ఉంటుంది. ఆడే బండి దాని కుడిపక్క కాస్త వెనకగా వస్తుంది. ఆ బండాయన తన ఎడమకాలు చాపి మన వెనక ఫుట్‌రెస్టు మీద ఆనించి నెడతాడు. చేసాయం అంటారు కదా, ఇది కాలు సాయం. ఇందులో చిక్కేమిటంటే గేరు కూడా ఎడమకాలితోనే మార్చాలి. ఆ కాలేమో నా దగ్గరుంది. అందుకని దారి పొడుగునా ఆ హీరో హోండా సెకండ్ గేర్లోనే గొంతు చించుకుంటూ వచ్చింది. ఇలా తొయ్యడం తప్పని నాకు తెలుసు, పోలీసులకీ తెలుసు. ఆయనొక్కడికే తెలీదు.

అంతా బాగానే ఉంది. పక్కన కాలవ, అవతల చేలు, తడిసిన గాలి. ఇంజను చప్పుడు లేకుండా పోతుంటే పల్లకీలో ఉన్నట్టుంది. హేండిల్ పట్టుకోవడం తప్ప నాకు పనిలేదు. పనిలేని కుడి బొటనవేలు దానంతటదే అక్కడా ఇక్కడా తడుముతోంది. సెల్ఫ్ బటన్ మీంచి కాస్త పైకి వెళ్లింది. అక్కడ ఎర్రగా ఉన్న స్విచ్చు ఒకటి తగిలింది.

ఎప్పుడూ ఎడమకి వాలి ఉండేది, కుడికి వాలి ఉంది.

ఇంజన్ ఆపే స్విచ్చు. కొన్నాక ఒక్కసారి కూడా నేను ముట్టుకోని స్విచ్చు. డుర్రుమంటూ వాడు నొక్కింది దీన్నే. కుర్రాడు చెయ్యి చాచింది దీని మీదకే.

వేలు దాని మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కి క్లచ్చు వదిలితే చాలు, బండి పరిగెడుతుంది. నొక్కబోతూ, మర్యాదకి వెనక్కి తిరిగి అడిగాను.

"మీరు అనపర్తికేనా అండీ?"

"కాదండీ, ద్వారపూడి!"

ద్వారపూడి మా వెనక ఉంది. మేం దాని నుంచి నిమిష నిమిషానికీ దూరమవుతున్నాం.

"అయ్యో! మరి ఇటు వస్తున్నారేంటండీ?"

"మావిడ బట్టల షాపులో కూచుందండీ! తీసుకురావాలి! పర్లేదండీ, మహా అయితే ఇంకో చీర తీస్తది!"

ఆ మాట విన్నాక స్విచ్చు మీద నుంచి వేలు తీసేశాను. ఒక మనిషి కాలు చాపి, గేరు వదిలి, భార్యని చీరల మధ్య వదిలి, వెనక్కి తిరిగి నా కోసం వస్తున్నాడు. అలాంటివాడితో "ఏమండీ, స్విచ్చు వెయ్యడం మర్చిపోయాను" అని ఏ నోటితో అనను? పోనీ ఉన్నట్టుండి స్టార్టయినట్టు నటిద్దామా? ఎలా అయిందని ఆయన అడగక మానడు. ఆయన బండాపి మరీ అడిగే రకం. ఆలోచించేకొద్దీ, బండి చచ్చి ఉండటమే అందరికీ గౌరవమనిపించింది. మిగిలిన రెండు కిలోమీటర్లూ ఆ స్విచ్చుని అరచేత్తో మూసి పట్టుకుని కూర్చున్నాను.

మధ్యలో ఆయన ఫోను రెండుసార్లు మోగింది. ఒక్కో మోతా నాకు ఒక్కో చీరలా వినపడింది.

మెకానిక్కు షాపు వచ్చింది. "నువ్వు చూడు నాన్నా, ప్లగ్గు" అని ఆయన చెప్పాడు. నన్ను దింపి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. "స్టార్టయ్యేదాకా మనసొప్పదండీ" అని స్టూలు లాక్కుని కూర్చుని, తోసిన కాలు మోకాలు దగ్గర పిసుక్కోవడం మొదలుపెట్టాడు.

మెకానిక్కుకి పాతికేళ్లుంటాయి. తాళం తిప్పాడు. సెల్ఫ్ మీదకి వేలు తీసుకెళ్లాడు. వేలు ఆగిపోయింది. ఎర్ర స్విచ్చు వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

నేను ఆ పెద్దాయన మోకాలి వంక చూశాను. తర్వాత మెకానిక్కు కళ్లలోకి చూశాను. నా పెళ్లిచూపుల్లో కూడా అంత దీనంగా ఎవరినీ చూడలేదు.

అతనికి అర్థమైంది. "ప్లగ్గేనండీ" అన్నాడు, పెద్దాయన వైపు తిరిగి. "వానకి."

"చెప్పలా!" అన్నాడాయన.

ఆ తర్వాత జరిగినదాన్ని సర్వీసింగు అనకూడదు. అది పూజ. మెకానిక్కు ప్లగ్గు విప్పి, వెలుతురులో పట్టి చూసి, గుడ్డతో తుడిచి, ఉఫ్‌మని ఊది, మళ్లీ చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకోసారి తుడిచి బిగించాడు. పెద్దాయన ప్రతి దశలోనూ తలాడించాడు. అప్పుడు మెకానిక్కు మా ఇద్దరికీ అడ్డంగా నిలబడి, పెద్దగా దగ్గాడు. ఆ దగ్గులో స్విచ్చు చప్పుడు కలిసిపోయింది. సెల్ఫ్ నొక్కాడు. బండి సింహంలా లేచింది. రెండుసార్లు రెయిజ్ చేసి వినిపించి, టప్‌మని ఆపాడు.

పెద్దాయన లేచి నా భుజం తట్టాడు. "బండి మంచిదేనండీ. ప్లగ్గొక్కటి చూసుకుంటూ ఉండండి." జేబులో చెయ్యి పెట్టబోతే, "తమరేంటండీ, ఆయ్!" అని కోప్పడ్డాడు. టీ అయినా తాగమంటే ఇంకో చీర సంగతి గుర్తుచేశాడు. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి బండెక్కాడు.

ఇటు తిరిగి ఎంతన్నాను.

"ప్లగ్గు తుడిచినందుకు ఇరవయ్యండీ" అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. "దగ్గినందుకు మీ ఇష్టం."

వంద ఇచ్చాను. ఇచ్చి రోడ్డు వైపు చూస్తే, పెద్దాయన ద్వారపూడి వైపు తిరిగి వెళ్తున్నాడు. ఆ పాత హీరో హోండాకి స్టాండు కిందకే వేలాడుతోంది. కొత్త బండైతే కదిలేదే కాదు. ముందర పెద్ద మలుపుంది.

"మేస్టారూ, స్టాండూ!" అని అరిచాను. వినపడలేదు. ఈ ఒక్క రుణమైనా తీర్చుకుందామని పరిగెత్తి బండెక్కి, తాళం తిప్పి సెల్ఫ్ నొక్కాను.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. గట్టిగా నొక్కాను. కిక్కు కోసం కాలెత్తాను.

"స్విచ్చండీ" అన్నాడు మెకానిక్కు, తలెత్తకుండా. "ఇందాక దాంతోనే ఆపా."