చుక్క గుర్తు కింద ఏముందో చదవండి
"శాస్త్రీయంగా నిరూపితం" అని డబ్బా మీద అచ్చువేశారంటే దాని వెనుక ఎంతో కొంత పరిశోధన ఉన్నట్టే అని ఒక వ్యాసంలో చదివాను. ఉండవచ్చు, కానీ నిరూపితమైంది ఏమిటన్నదే అసలు ప్రశ్న. మా అమ్మాయి కోసం కొన్న ఎదుగుదల పొడి డబ్బా మీద ఆ మాట పక్కనే ఒక చుక్క గుర్తు (*) ఉంది. కళ్లజోడు పెట్టుకుని డబ్బా తిప్పి చూస్తే, అడుగున ఆవగింజంత అక్షరాల్లో "సమతులాహారంలో భాగంగా, రోజుకు రెండుసార్లు పాలలో కలిపి తీసుకున్నప్పుడు" అని ఉంది. అసలు 200 మిల్లీలీటర్ల పాలలోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. అంటే కష్టం గేదెది, పేరు పొడిది! ఇంతకీ ఆ పొడి తాగిన పిల్లలను ఎవరితో పోల్చారు? ఉత్త పాలు తాగినవాళ్లతోనా, ఏమీ తాగనివాళ్లతోనా? డబ్బా మీదున్న నంబరుకు ఫోను చేసి ఇదే అడిగాను. అవతలి అమ్మాయి, పాపం, డబ్బా మీదున్న వాక్యాన్నే మళ్లీ చదివి వినిపించింది. పదార్థాల జాబితాలో చక్కెరది రెండో స్థానం. ఆ జాబితాను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. ఇక 'హెల్త్ డ్రింక్' అన్న మాటకు 2006 నాటి ఆహార భద్రత చట్టంలో నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలను ఆ వర్గం నుంచి తొలగించమని ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు చెప్పింది. మా ఇంట్లో ఆ డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోసుకుంటున్నాం.